యాకితోరి కొట్టులో తినడం ఎలా: గుడ్డ తెర దాటిన దగ్గర్నుంచి బిల్లు కట్టేదాకా

కోడిమాంసాన్ని చిన్న ముక్కలుగా కోసి, వెదురు పుల్లకు గుచ్చి, బొగ్గుల మీద కాల్చి ఇస్తారు. యాకితోరి అంటే ఇంతే. మసాలా ఉండదు, గంటల తరబడి నానబెట్టడం ఉండదు. రుచంతా కోతలో, నిప్పులో, పుల్లను తిప్పే చేతిలో ఉంటుంది. అందుకే జపాన్‌లో ఈ కొట్లలో ఒక నియమం మిగతా అన్నిటికంటే ముఖ్యం: నిప్పు మీద నుంచి దిగిన పుల్లను రెండు మూడు నిమిషాల్లో తినెయ్యాలి. చల్లారితే కొవ్వు గడ్డకడుతుంది, తోలు సాగుతుంది, ముక్క పీచుపీచుగా తగులుతుంది. ఎక్కడ కూర్చోవాలి, ఎన్ని చెప్పాలి, ఎలా తినాలి అన్నవన్నీ ఈ నియమం నుంచి వచ్చినవే.

ముందు సరైన కొట్టు చూసుకోండి

వాకిట్లో ఎర్రటి కాగితపు లాంతరు, గుమ్మానికి చీలికలున్న గుడ్డ తెర కనిపిస్తే అది మామూలు జనం తిని తాగే కొట్టని అర్థం. లాంతరును అకచోచిన్ అంటారు, తెరను నొరెన్ అంటారు. తెర బయట వేలాడుతుంటే కొట్టు తెరిచినట్టు, లోపలికి తీసేస్తే మూసినట్టు. ఎక్కువ కొట్లు సాయంత్రం ఐదు ప్రాంతంలో తెరుస్తారు. శుక్రవారం రాత్రి ఏడు దాటాక నలుగురు కలిసి వెళితే చోటు దొరకడం కష్టం. ఐదున్నరకే వెళ్లండి, లేదా ఇద్దరిద్దరుగా వెళ్లండి.

కొట్లు స్థూలంగా మూడు రకాలు. తోరికిజోకు లాంటి గొలుసు కొట్లలో బొమ్మలున్న మెనూ ఉంటుంది, చాలాచోట్ల ఆర్డరు చెప్పడానికి ట్యాబ్లెట్ కూడా ఉంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లకు ఇదే సుఖం. రెండో రకం పేటల్లోని పది పదిహేను కుర్చీల కొట్లు. టోక్యోలో షింజుకు స్టేషన్ పడమటి వైపు ఒమోయిదే యోకొచో సందులో, యూరాకుచో దగ్గర రైలు వంతెనల కింద వరసగా కనిపించేవి ఇవే. మూడో రకంలో ముందే బుక్ చేసుకోవాలి. వంటమనిషి తన ఇష్టప్రకారం ఒక్కొక్క పుల్ల ఇస్తూ పోతాడు, ఖర్చు కూడా చాలా ఎక్కువ. ఈ మార్గదర్శిని ముఖ్యంగా రెండో రకం కోసం, ఎందుకంటే తడబడేది అక్కడే.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. మొదటిది, చూడ్డానికి అచ్చం ఇలాగే ఉండే యాకితోన్ కొట్లు వేరే ఉంటాయి. అక్కడ కాల్చేది పంది మాంసం, పంది పేగులు, కార్జం. పైగా కొన్ని ఊళ్లలో యాకితోరి అన్న పేరుతోనే పంది మాంసం ఇస్తారు. హొక్కాయిదోలోని మురోరాన్‌లో పంది ముక్కల మధ్య ఉల్లిపాయ గుచ్చి ఆవముద్దతో ఇస్తారు. సైతామాలోని హిగాషిమత్సుయామాలో పంది తల మాంసానికి కారం కలిపిన మిసో, అంటే పులియబెట్టిన సోయా ముద్ద, పూస్తారు. ఫుకువోకాలో కోడితోపాటు పంది పొట్టభాగం, బుతబరా, ప్రతి మెనూలోనూ ఉంటుంది. పంది తినని వాళ్లు కూర్చోకముందే అడిగి తెలుసుకోవాలి.

రెండోది సిగరెట్ పొగ. 2020 ఏప్రిల్ నుంచి జపాన్ చట్టం హోటళ్ల లోపల పొగతాగడాన్ని నిషేధించింది. కానీ అప్పటికే నడుస్తున్న చిన్న కొట్లకు మినహాయింపు ఉంది. అలాంటి కొట్టు తలుపు మీద సిగరెట్ బొమ్మతో బోర్డు అతికించి ఉంటుంది. పొగకు అనుమతి ఉన్న చోటికి ఇరవై ఏళ్లలోపు వాళ్లను చట్టప్రకారం రానివ్వరు. పిల్లలతో వెళ్తుంటే ముందు ఆ బోర్డు చూడండి.

లోపలికి వెళ్లాక

గుమ్మం దగ్గర ఆగండి. ఖాళీ కుర్చీ కనిపించింది కదా అని వెళ్లి కూర్చోకూడదు. ఎంతమందో వేళ్లతో చూపిస్తే చాలు, వాళ్లే చోటు చూపిస్తారు. ఎంచుకునే వీలుంటే పొయ్యి ఎదురుగా ఉన్న బల్ల దగ్గర కూర్చోండి. దాన్ని కౌంటర్ అనే అంటారు. పుల్ల పొయ్యి నుంచి మీ పళ్లెంలోకి రావడానికి అక్కడ చెయ్యి చాచినంత సేపే పడుతుంది. పైగా పని చూడవచ్చు. ముక్కలు ఇనుప జల్లెడకు అంటుకోకుండా, పుల్ల రెండు చివరలు మాత్రమే ఇనుప కడ్డీల మీద ఆనేలా పెట్టి కాలుస్తారు. మంచి కొట్లలో వాడే బొగ్గు బిన్‌చోతాన్. వకాయామా వైపు ఉబామెగాషి అనే ఓక్ జాతి చెట్టు కొయ్యతో చేసే కిషూ రకానికి పేరెక్కువ. రెండు ముక్కలు తట్టుకుంటే లోహంలా ఖంగున మోగుతుంది. మంట లేకుండా, పొగ బాగా తక్కువగా, చాలాసేపు ఒకే తీరున కాలుతుంది. ఘుమఘుమలాడే పొగ బొగ్గుది కాదు, నిప్పు మీద రాలే కోడి కొవ్వుది. కోటు, సంచి కుర్చీ కింద బుట్టలో పెట్టెయ్యండి, లేకపోతే రెండు రోజులు ఆ వాసన వదలదు.

కూర్చోగానే తడి తువ్వాలు ఇస్తారు. అది చేతులు తుడుచుకోవడానికి. ఆ వెంటనే తాగడానికేం కావాలని అడుగుతారు. తిండి సంగతి తర్వాత, ముందు పానీయం చెప్పాలి. బీరు, సోడా కలిపిన విస్కీ అయిన హైబాల్, మద్యంలో నిమ్మరసం, సోడా కలిపిన లెమన్ సవర్ మామూలుగా తాగేవి. మందు తాగకపోతే ఊరోన్‌చా అడగండి. చల్లటి, చక్కెర లేని ఊలాంగ్ టీ అది, కొవ్వు ముక్కల మధ్య నోరు శుభ్రం చేస్తుంది. నీళ్లు అడిగితే ఇస్తారు కానీ, నీళ్లతోనే సరిపెట్టుకోవడం చిన్న కొట్లలో బాగోదు. చాలాచోట్ల మనిషికి కనీసం ఒక పానీయం అని రాసే ఉంటుంది.

పానీయంతోపాటు మీరు అడగని చిన్న గిన్నె ఒకటి వస్తుంది. ఊరబెట్టిన కూరగాయలో, చిన్న కూరో, చప్పటి క్యాబేజీయో. దాని పేరు ఒతోషి. మనిషికి సుమారు 300 నుంచి 500 యెన్ల దాకా బిల్లులో పడుతుంది. మోసం చేశారని గొడవపడే విదేశీయులు కనిపిస్తుంటారు గానీ, అది కూర్చున్నందుకు తీసుకునే రుసుము. తిన్నా తినకపోయినా కట్టాల్సిందే. కొన్ని కొట్లు అది లేకుండానే నడుస్తాయి. ఫుకువోకాలో అయితే తరిగిన క్యాబేజీ మీద పుల్లటి రసం పోసి ఇస్తారు, పుల్లపుల్లకూ మధ్య కొంచెం కొంచెంగా నమలడానికి.

ఏ ముక్క ఏది

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. చికెన్ కొట్టు దగ్గర నిలబడి కందనకాయలు, కార్జం వేరుగా కట్టమని అడిగే అలవాటు మనకు ఉన్నదే. బోన్‌లెస్ బ్రెస్ట్ తప్ప తెలియని వాళ్లలాగా మెనూ చూసి బెదరాల్సిన పని లేదు.

మోమొ అంటే తొడ ముక్క, ఎముక లేకుండా. తొడ ముక్కల మధ్య జపాన్ లావు ఉల్లికాడ గుచ్చితే నెగిమా. ఉల్లికాడ కాలి తియ్యబడి, లోపలి రసం నోట్లో పేలుతుంది. వేడిగా ఉంటుంది కాబట్టి ఆ ముక్కను మెల్లగా కొరకండి. మొదటిసారి వెళితే నెగిమాతో మొదలుపెట్టండి. కొట్టు ఎలాంటిదో ఆ ఒక్క పుల్ల చెప్పేస్తుంది.

త్సుకునే కోడి కీమా ఉండ. కొన్నిచోట్ల మెత్తటి ఎముక కూడా తరిగి కలుపుతారు, పళ్ల కింద కరకరమంటుంది. పక్కన పచ్చి గుడ్డు సొన ఇస్తే అందులో ముంచుకు తినాలి. పచ్చిది వద్దనుకుంటే ముందే "తమాగో నషి దే" అనండి.

సునగిమో మన కందనకాయ. కొన్ని ప్రాంతాల్లో జురి అంటారు. మన వేపుడులా మెత్తగా ఉడికి ఉండదు, కసక్కుమని తెగుతుంది. హత్సు గుండె. రెబా కార్జం. మంచి కొట్టులో కార్జం లోపల మెత్తగా, వెన్నలా ఉంటుంది. ఎండిపోయేదాకా కాల్చరు, అందుకే కార్జం అంటే మొహం తిప్పుకునేవాళ్లు కూడా ఒక పుల్ల రుచి చూడదగ్గది. చవక కొట్టులో మాత్రం అదే కార్జం సుద్దముక్కలా ఉండవచ్చు.

కవా అంటే తోలు. ముడతలు ముడతలుగా గుచ్చి, కొవ్వు కారిపోయేదాకా కాలుస్తారు. ఫుకువోకా పద్ధతిలో మెడ తోలును పుల్లకు చుట్టచుట్టలుగా బిగించి, కాల్చి, చల్లార్చి, మళ్లీ కాల్చి, ఇలా కొన్ని రోజులపాటు చేస్తారు. పైన పెళుసుగా, లోపల జిగురుగా ఉండే ఆ పుల్లను అక్కడ ఒక్కొక్కరు ఐదారు తినేస్తారు. బొంజిరి తోక మొదట్లోని కొవ్వు ముక్క, చాలా జిడ్డు, ఒకటి చాలు. సెసెరి మెడ మాంసం. కదిలే కండ కాబట్టి బిగువుగా, రసంగా ఉంటుంది. తెలియని వాళ్లు దాటేస్తారు గానీ, మెనూలో కనిపిస్తే వదలకండి. నాంకొత్సు మృదులాస్థి. రొమ్ము ఎముక కొసదైతే యగెన్, మోకాలిదైతే హిజా. తెబసకి రెక్క. ససామి రొమ్ము లోపలి సన్నటి కండ, కొవ్వు ఉండదు, పైన వసాబి అనే ఘాటైన పచ్చటి ముద్ద గానీ పుల్లటి ఉమె పండు ముద్ద గానీ రాసి ఇస్తారు.

అరుదైనదొకటి చెప్పాలి. చోచిన్ అంటే లాంతరు. ఇంకా పెంకు కట్టని గుడ్డు సొన, దాని గొట్టంతో సహా పుల్ల చివర వేలాడుతూ వస్తుంది. నాటుకోడిని కోసినప్పుడు లోపల దొరికే పచ్చసొనల గుత్తి తిన్నవాళ్లకు ఇది కొత్త కాదు. ఒక కోడికి ఒకటీ అరా వచ్చేవి కాబట్టి త్వరగా అయిపోతాయి, కావాలంటే మొదట్లోనే చెప్పండి. కూరగాయల్లో షిషితో బజ్జీ మిర్చి కంటే చిన్నది. మామూలుగా కారం ఉండదు గానీ అప్పుడప్పుడు ఒకటి ఘాటుగా తగులుతుంది. గిన్నాన్ గింగో గింజలు, షీతాకె పుట్టగొడుగు.

ఉప్పా, తారెనా

ప్రతి పుల్లకూ ఇదే ప్రశ్న వస్తుంది. షియో అంటే ఉప్పు మాత్రమే. తారె అంటే సోయా సాస్, మిరిన్ అనే తియ్యటి వంట మద్యం, సాకె అనే బియ్యపు మద్యం, చక్కెర కలిపి మరిగించిన తియ్యటి చిక్కటి పులుసు. సగం కాలిన పుల్లను తారె కుండలో ముంచి, మళ్లీ నిప్పు మీద పెట్టి, మళ్లీ ముంచుతారు. కుండ ఖాళీ చెయ్యరు, తరిగినకొద్దీ కొత్తది కలుపుతుంటారు. ముంచిన ప్రతి పుల్లా కొంత కొవ్వు, కొంత రసం అందులో వదిలిపెడుతుంది. పాత కొట్ల తారె రుచి అందుకే లోతుగా ఉంటుంది.

కార్జం, త్సుకునే తారెలో బాగుంటాయి, ఎందుకంటే కార్జం వాసనను ఆ తీపి కప్పుతుంది. కందనకాయ, మెత్తటి ఎముక, సెసెరి, ససామి ఉప్పుతో బాగుంటాయి. తోలు, తొడ రెండు విధాలా సరే. తేల్చుకోలేకపోతే "ఒమకాసే దే" అనండి. వంటమనిషే నిర్ణయిస్తాడు, అది చాలాసార్లు మన ఎంపిక కంటే బాగుంటుంది. ఉప్పు పుల్లలు ముందు, తారె పుల్లలు తర్వాత తినండి. తారె తీపి నాలుక మీద కూర్చున్నాక ఉప్పు పుల్ల చప్పగా అనిపిస్తుంది.

ఎన్ని చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి

మనవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ఇంటి అలవాటుకొద్దీ అన్నీ ఒకేసారి తెప్పించి బల్ల నింపేస్తారు. ఇరవై పుల్లలు వచ్చేస్తాయి, ఐదు వేడిగా తింటారు, పదిహేను చల్లారిపోతాయి. విడతలుగా చెప్పండి. ఇద్దరికి మొదటి విడతలో రెండు మూడు రకాలు చాలు, రకానికి రెండు పుల్లలు. ఆ పుల్లలు పళ్లెంలోకి రాగానే తర్వాతి విడత చెప్పండి. ఒక పుల్ల కాలడానికి ముక్కనుబట్టి ఐదు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. తోలు, రెక్క అన్నిటికంటే నెమ్మది. అందుకే వాటిని మొదటి విడతలోనే చెప్పి ఉంచాలి. అవి కాలేలోపు ససామి, కందనకాయ లాంటివి తింటుంటారు.

పుల్లలకు లెక్క వేరే మాటల్లో ఉంటుంది. ఒకటి ఇప్పొన్, రెండు నిహొన్, మూడు సంబొన్. "నెగిమా నిహొన్, షియో దే, ఒనెగాయిషిమాసు" అంటే రెండు నెగిమా ఉప్పుతో ఇవ్వండని. పిలవడానికి "సుమిమాసెన్" అని కొంచెం గట్టిగానే అనాలి, చెయ్యి ఎత్తితే ఇంకా మంచిది. కొన్ని కొట్లలో ఒకే రకం రెండు పుల్లలకు తగ్గకుండా చెప్పాలి. తోరికిజోకులో ఒక ప్లేటు అంటేనే రెండు పుల్లలు, అది తెలియక రెండు ప్లేట్లు చెబితే నాలుగు వస్తాయి. ఏదీ తేల్చుకోలేకపోతే మొరియవాసె అడగండి, ఐదారు రకాలు కలిపి ఒకే పళ్లెంలో ఇస్తారు. సౌకర్యమే గానీ అన్నీ ఒక్కసారే వస్తాయి కాబట్టి ఇద్దరు పంచుకుంటేనే వేడి దక్కుతుంది.

కడుపు నిండాలంటే మనిషికి ఆరేడు పుల్లలు, చివర్లో అన్నం వంటకం ఒకటి సరిపోతాయి. పేట కొట్లలో పుల్ల సుమారు 150 నుంచి 300 యెన్లు ఉంటుంది. మెనూలో రెండు ధరలు కనిపిస్తే చిన్న అక్షరాల్లో ఉన్న పెద్ద ధర చూసుకోండి. అది పన్ను కలిపినది. కొట్టులో కూర్చుని తింటే పన్ను పది శాతం.

పుల్ల తినే పద్ధతి

పుల్ల నుంచి ముక్కలన్నీ చాప్‌స్టిక్స్‌తో ఊడదీసి పళ్లెంలో పోసి పంచుకోవడం చూస్తే వంటమనిషి మనసు చివుక్కుమంటుంది. అలా చెయ్యవద్దని గోడ మీద రాసిపెట్టిన కొట్లూ ఉన్నాయి. కారణం ఉంది. గుచ్చిన చిల్లుల్లోంచి రసం కారిపోతుంది, విడిపోయిన ముక్క త్వరగా చల్లారుతుంది. కోసేటప్పుడే పుల్ల కొసన పెద్ద ముక్క, మొదట్లో చిన్న ముక్క వచ్చేలా గుచ్చుతారు. కొస నుంచి తినాలన్నది ఆ అమరికలోనే ఉంది. పంచుకోవాలనుకుంటే తలా ఒక పుల్ల చెప్పుకోండి.

మొదటి రెండు ముక్కలు పుల్లను నిలువుగా పట్టుకుని కొరకవచ్చు. తర్వాతివి లోతుగా ఉంటాయి, కొస గొంతుకు గుచ్చుకుంటుంది. పుల్లను అడ్డంగా తిప్పి, పళ్లతో ముక్క పట్టి పక్కకు లాగండి. రాకపోతే చాప్‌స్టిక్స్‌తో ముక్కను కొస వైపు నెట్టుకుని తినండి, అది తప్పు కాదు. ఖాళీ పుల్లలకు బల్ల మీద వెదురు గొట్టమో డబ్బానో ఉంటుంది, అందులో వెయ్యండి.

బల్ల మీద షిచిమి అనే ఏడు దినుసుల కారప్పొడి ఉంటుంది. ముందు ఒక ముక్క ఉత్తిదే తిని, తర్వాత చల్లుకోండి. మన గుంటూరు కారం లెక్కన చూస్తే దాని ఘాటు చాలా తక్కువ. నువ్వులు, ఎండిన నారింజ జాతి తొక్క వాసన కోసం వేసుకునేది అది. సంచిలోంచి మన కారప్పొడి తీసి చల్లడం మాత్రం వద్దు, ఉప్పు మోతాదు చూసి కాల్చిన మనిషి మీ ఎదురుగానే నిలబడి ఉంటాడు.

పచ్చి కోడి సంగతి

కొన్ని కొట్లలో ససామి పైపైన మాత్రమే కాల్చి, లోపల గులాబీ రంగులో ఉండగానే ఇస్తారు. పూర్తిగా పచ్చిగా ఇచ్చే తోరిసాషి కూడా మెనూలో ఉండవచ్చు. ఇది తినకండి. కోడిమాంసంలో కాంపిలోబాక్టర్ అనే బ్యాక్టీరియా సాధారణం. మాంసం తాజాగా ఉంటే అది ఉండదనుకోవడం పొరపాటు. తిన్న రెండు నుంచి ఐదు రోజులకు జ్వరం, విరేచనాలు పట్టుకుంటాయి, అరుదుగా నరాల జబ్బు గియాన్ బారే సిండ్రోమ్‌కూ దారితీస్తుంది. లోపలి భాగం 75 డిగ్రీల వేడిలో కనీసం ఒక నిమిషం ఉండేలా వండమని జపాన్ ఆరోగ్య శాఖే చెబుతుంది. "యొకు యాయితె కుదసాయి" అంటే బాగా కాల్చమని. నిరభ్యంతరంగా అడగవచ్చు, పిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లు ఉంటే తప్పకుండా అడగాలి.

తినని పదార్థాలు ఉన్నవాళ్లకు

పందీ గొడ్డూ తినకపోతే "బుతనికు తో గ్యూనికు వా తబెరరెమాసెన్" అనండి. అస్పారగస్‌కు బేకన్ చుట్టిన పుల్ల, చిన్న టమోటాకు పంది ముక్క చుట్టిన పుల్ల చూడ్డానికి కూరగాయల్లా ఉంటాయి, గమనించండి. బంగాళాదుంప సలాడ్‌లో చాలాసార్లు హామ్ ఉంటుంది. హలాల్ పాటించేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, తారెలో మిరిన్, సాకె రెండూ మద్యమే, ఉప్పు పుల్లల మీద కూడా సాకె చల్లేవాళ్లు ఉన్నారు. హలాల్ అని స్పష్టంగా రాసిన కొట్టుకే వెళ్లాలి. గోధుమ పడనివాళ్లకు తారె పనికిరాదు, సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది.

శాకాహారులకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి: ఇది వాళ్ల చోటు కాదు. షిషితో, పుట్టగొడుగు ఉప్పుతో కాల్చమన్నా, కాల్చేది కోడి కాలిన అదే పొయ్యి మీద. చల్లటి తోఫు మీద ఎండు చేప రేకులు చల్లుతారు, మిసో సూపులోనూ చేప రసమే. ఉడికించిన లేత సోయా కాయలు ఎదమామె, కోసిన టమోటా, దోసకాయ నమ్మకంగా తినగలిగినవి. స్నేహితుల కోసం వస్తే వీటితో ఒక గంట గడపవచ్చు, భోజనం మాత్రం వేరేచోట చూసుకోవాలి.

ముగింపు వంటకం, బిల్లు

పుల్లలు అయ్యాక అన్నంతో ముగిస్తారు. దీన్ని షిమె అంటారు. కాల్చిన అన్నం ముద్ద యాకి ఒనిగిరి, కోడి రసంలో ఉడికిన అన్నం జోసుయి, కోడీ గుడ్డూ కలిపి అన్నం మీద పోసే ఒయకొదొన్. కాల్చిన అన్నం ముద్దకు పావుగంట పైనే పడుతుంది, చివరి పుల్లలు చెప్పేటప్పుడే దాన్నీ చెప్పండి. కొన్ని కొట్లు అడక్కుండానే చిన్న కప్పులో కోడి సూపు పోస్తాయి.

రద్దీ వేళ రెండు గంటలే అని ముందే చెబుతారు. మూసే సమయానికి అరగంటో గంటో ముందు చివరి ఆర్డరు అడుగుతారు, ఆ తర్వాత పొయ్యి మీద ఏమీ పెట్టరు. బిల్లుకు "ఒకైకే ఒనెగాయిషిమాసు" అనండి, లేదా రెండు చూపుడు వేళ్లను అడ్డంగా కలిపి చూపండి. చిన్న కొట్లలో కార్డు తీసుకోకపోవచ్చు. మనిషికి మూడు నాలుగు వేల యెన్లు నగదు దగ్గర ఉంచుకోండి. టిప్పు ఇవ్వకూడదు. బల్ల మీద చిల్లర వదిలేసి వస్తే, మరిచిపోయారనుకుని వీధిలోకి పరిగెత్తుకొచ్చి ఇస్తారు. వెళ్లేముందు పొయ్యి వైపు తిరిగి "గొచిసోసమా దెషితా" అనండి. చెయ్యి ఖాళీ లేకపోయినా ఆ మనిషి తల ఎత్తి బదులిస్తాడు.